రెండు పెట్టెల గిటారు

నా రాతలో ఒత్తులు తప్పుతాయి, దీర్ఘాలు మరిచిపోతాను. మన్నించండి. ఇవి యాభై ఎనిమిదో ఏట నా కోడలు పలక కొనిచ్చి నేర్పిన అక్షరాలు. ఒక్క పేజీకి ఒక పూట పడుతుంది నాకు. అందుకే చుట్టూ తిప్పకుండా చెబుతాను.

నా కోడలు భార్గవిది పులివెందుల. మా వివేక్‌ను చేసుకొని ప్రొద్దుటూరు వచ్చినప్పుడు ఒళ్లో పెట్టుకొని తెచ్చుకున్నది ఒక్క ఎలక్ట్రిక్ గిటారునే. మిగతా సామానంతా వ్యాన్‌లో వచ్చింది.

మోడంపల్లెలో మా క్రైస్తవ సంఘానిది రేకుల షెడ్డు. చాపల మీద ఆడవాళ్లు ఎడమ వైపు, మగవాళ్లు కుడి వైపు కూర్చుంటారు. మధ్యలో మనిషి నడిచేంత దారి. ఇటువాళ్లు అటు పోరు, అటువాళ్లు ఇటు రారు. మొగుడూ పెళ్లాలైనా గుమ్మం దగ్గర విడిపోయి, ఆరాధన అయ్యాకే కలుసుకుంటారు.

మూడేళ్లు భార్గవి ఒక్క పెట్టెతో వాయించింది. పెట్టె అంటే గిటారు శబ్దాన్ని పెద్దది చేసే యాంప్. ఈ ఏడు వాళ్ల నాయన రెండోది బస్సులో వేసి పంపాడు. స్వరానికి ప్రతిధ్వని చేర్చే, కాలితో తొక్కే పెడళ్లు ఆమెకు ముందే ఉన్నాయి. ఒక శనివారం సాయంత్రం ఒక పెట్టెను ఆడవాళ్ల గోడకు, ఇంకోదాన్ని మగవాళ్ల గోడకు ఆనించి, నన్ను పిలిచింది.

"అత్తా, ఈడ నడిమిట్ల నిలబడి కండ్లు మూసుకో."

తీగ మీటింది. ఆ స్వరం ఒక చెవి నుంచి ఇంకో చెవికి పోయింది. తడి చీరను ఇద్దరు చెరో కొస పట్టుకొని దులిపితే అల ఇటు నుంచి అటు పోతుంది చూడండి, అట్లా. నాకు ఒళ్లు జలదరించింది.

"శానా బాగుండాది పాపా," అన్నాను.

మరునాడు ఆదివారం మొదటి పాటకే పరువు పోయింది. మగవాళ్లు చప్పట్లు కొట్టిన తర్వాత మావి పడ్డాయి. మేము తొందరపడి అందుకుంటే వాళ్లు ముందుకు పోయారు. రెండో చరణానికి పాట రెండు ముక్కలైంది. మా వెనక రాహేలవ్వ పాడడం మానేసి కొంగు నోట్లో పెట్టుకొని నవ్వింది.

ఆరాధన అయ్యాక సంఘ పెద్ద నారాయణన్న వచ్చాడు. బాప్తిస్మం తీసుకున్నా తాత పెట్టిన పేరు మార్చుకోలేదాయన. కలమల్ల కరెంటు ప్లాంటులో పనిచేసి రిటైరయ్యాడు. భార్గవి రాకముందు మా దగ్గర కీబోర్డు ఉండేది. స్విచ్ వేస్తే దానంతట అదే దరువు వేసేది. ఆయనకు దాని మీదే గురి.

"ఏందిమా ఇది? ఆడోళ్లదొక పాట, మగోళ్లదొక పాట. ఒకే సందులో రెండు ఎద్దుల బండ్లు దూరినట్లుండాది," అన్నాడు. "వచ్చే ఆదివారం కోతల పండగ. జమ్మలమడుగు సంఘమోళ్లు వస్తాండారు. వాళ్ల ముందర నగుబాటొద్దు. శనివారం నేనొచ్చి ఇంటా. కుదర్లేదంటే ఇంక కీబోర్డే. పండగకే కాదు, ఎప్పటికీ."

ఇంటికి వచ్చాక భార్గవి గిటారును దుప్పట్లో చుట్టి మంచం కిందికి తోసింది.

"తాళం నేను తప్పలేదత్తా."

"తప్పినావని నేనన్లేదే."

"అందరూ కండ్లు మూసుకుంటే ప్రార్థన వస్తాది. నాకు మాటలు రావు. తీగ మీద చెయ్యేస్తేనే వస్తాయి. అది తీసేస్తే నేనాడ ఊరికే కూర్చోవల్ల."

వివేక్ సంగటి తింటూ అన్నాడు: "మాకు బాగనే ఇనపడింది. మీ ఆడోళ్లే యెనకబడినారు."

"మేమేం యెనకబడలేదురా. మా కాడ గిటారే ఆలస్యంగా మోగింది."

"మా కాడ సరిగ్గానే మోగిందే!"

వాడి చేతిలో ముద్ద అట్లే ఆగిపోయింది. నేను భార్గవి వైపు తిరిగాను.

"నువ్వు శనివారం యాడ నిలబడి ఇన్యావు?"

"నడిమిట్ల."

"నన్ను యాడ నిలబెట్టినావు?"

"నడిమిట్లనే."

"ఆడ ఎవురు కూర్చుంటారు మే?"

భార్గవి నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. తను మీటిన స్వరం మగవాళ్ల పెట్టెలోంచి వచ్చేటట్టు, దాని ప్రతిధ్వని మాత్రమే మా పెట్టెలోంచి వచ్చేటట్టు పెట్టిందట. నడుమ నిలబడితే రెండూ కలుస్తాయి. పక్కన కూర్చుంటే సగమే. ఎవరూ కూర్చోని చోటుకు సరిపడేటట్టు కుదిర్చాం మేము.

శనివారం మధ్యాహ్నమే షెడ్డుకు పోయాం. రెండు వైపులా కూర్చొని వినడానికి మనిషి కావాలి. వివేక్‌ను కూర్చోబెడితే ఏది వాయించినా "సూపర్" అంటాడు. వాడిని వైర్లు మోయడానికి పెట్టి నేనే విన్నాను. ముందు నా చోటులో కూర్చున్నాను. తర్వాత దారి దాటాలి. షెడ్డు ఖాళీగానే ఉంది, అయినా కాలు ఆగింది. ముప్పై నాలుగేళ్లలో ఒక్కసారి కూడా అటు కూర్చోలేదు నేను.

దాటి, మూడో కిటికీ కింద కూర్చున్నాను. మా ఆయన కూర్చునే చోటు అది. ఆయన పోయి తొమ్మిదేళ్లు. అక్కడి నుంచి చూస్తే ఎదురుగా నా చోటు కనబడింది. మధ్యలో ఏ అడ్డమూ లేదు. ఇన్నేళ్లూ నాకా సంగతి తెలియదు.

"అత్తా, ఇనపడ్తాందా?" అని భార్గవి అరిచేదాకా నేను గిటారు వినలేదు.

అప్పుడే నారాయణన్న వచ్చాడు.

"ఏందిమా సలోమమ్మా, మగోళ్ల తట్టు కూర్చున్యావు?"

"మీ చెవులకెట్లుంటాదో చూద్దామని వచ్చినా అన్నా. నువ్వు పొయ్యి మా తట్టు కూర్చో, మా కష్టం తెలుస్తాది."

"నేనా? ఆడోళ్ల చాప మీదనా?"

"చాప కరవదులే అన్నా."

వివేక్ నవ్వు ఆపుకోలేక బయటికి పోయాడు. నారాయణన్న గుమ్మం వైపు ఒకసారి చూసి, ఎవరూ లేరని తేల్చుకొని కూర్చున్నాడు. భార్గవి పోయిన ఆదివారం లాగానే వాయించింది. నేను చప్పట్లు కొట్టాను. ఆయనా కొట్టాడు, నా తర్వాత. తొందరపడ్డాడు. మళ్లీ వెనకబడ్డాడు. నాలుగు వరసలు అయ్యేసరికి చేతులు దించేశాడు.

"అరె! ఇది పాప తప్పు గాదు. లోడంతా ఒక తట్టే పడింది. సమంగా పంచల్ల," అని లేచి, చొక్కా చేతులు మడిచాడు.

అంతే, ఇంక పెత్తనం ఆయనదే. పెట్టెలను గోడల దగ్గర నుంచి తీసి వేదిక రెండు మూలల్లో పెట్టించాడు. మా మూలది మగవాళ్ల వైపు, వాళ్ల మూలది మా వైపు ఏటవాలుగా తిప్పాడు. భార్గవి తను మీటిన స్వరాన్ని రెండింటిలోనూ సమంగా పెట్టి, ప్రతిధ్వనిని బాగా తగ్గించి, అది మాత్రం ఒక్కో పెట్టెలో కొంచెం తేడాగా ఉంచింది. నేను అటూ ఇటూ ఎన్నిసార్లు దాటానో లెక్క లేదు. చివరికి దారి ఉందన్న సంగతే మరిచిపోయాను.

ఆదివారం జమ్మలమడుగు వాళ్లు రెండు వ్యాన్లలో దిగారు. మొదటి పాటకు నేను చేతులు కట్టుకొని విన్నాను. మగవాళ్ల చప్పట్లు, మావి ఒక్కటే దెబ్బగా పడ్డాయి. నేనూ చేతులు విప్పాను. మూడో పాటలో తాళం తప్పింది జమ్మలమడుగు వాళ్లే. అది మా లెక్కలోకి రాదు.

అయ్యాక రాహేలవ్వ నా భుజం తట్టింది. "ఈ పొద్దు నీ కోడలు వాయించలేదా మే? గిటారు ఇనపడనే లేదే."

నారాయణన్న విన్నాడేమోనని చుట్టూ చూశాను.

"పాట మాత్రం బాగ పాడినా. గొంతు దానంతటదే లేచింది," అంది అవ్వ.

పోయి భార్గవికి చెప్పాను. వైరు చుడుతున్నదల్లా ఆగి నవ్వింది. కండ్లలో నీళ్లు వచ్చాయి.

"అదే కావల్ల అత్తా నాకు."

నారాయణన్న దారిలో మగవాళ్ల వైపు అంచున నిలబడి చెయ్యి చాపి భార్గవికి ఒక చీటీ ఇచ్చాడు. వచ్చే వారం పాటలు.

"ఏడు పాటలుండాయి. రెండోది కొత్తది, జాగర్త. శనివారం నేనూ వస్తా. ఆడోళ్ల తట్టు నేను కూర్చుంటా, మీ అత్తను ఈ తట్టు కూర్చోమను."

సలోమమ్మ, అరవై ఒక్క ఏళ్లు, మోడంపల్లె, ప్రొద్దుటూరు.