నాలుగు పలకల వాన

మధ్యాహ్నం రెండింటికి కరెంటు రాగానే తాయారు వసారాలో పీటేసుకుని వీడియోగేమ్ ఆడటానికి కూర్చునేది. వీధిలోని మిగతా ఆడవాళ్ళు ఆవిడ వెనక బిందెలు వరసగా పెట్టేవాళ్ళు. ఆట పేరు గొడుగు పిల్ల. గొడుగు పట్టుకున్న చిన్నపిల్ల ఒక ఇంటి పెంకుల మీంచి ఇంకో ఇంటి పెంకుల మీదికి గెంతుతూ పోతుంది. మూడో స్టేజీలో వాన మొదలవుతుంది. ఆ వాన టీవీ అద్దం దాటి వసారాలో పడేది.

చినుకులు నాలుగు పలకలుగా, పటికబెల్లం ముక్కల్లా పడి, నేల తాకాక కరిగేవి. ఒక్కో ఆటకి రెండు బిందెలు నిండేవి. పక్కింటి ఆరోగ్యమ్మకి ఒకటే ఫిర్యాదు, ఆ నీళ్ళలో కందిపప్పు ఉడకదని. ఉడకని మాట నిజమే. మిరపనారుకి మాత్రం భేషుగ్గా సరిపడ్డాయి. తొంభయ్యారులో బోరు ఎండిపోయిన దగ్గర్నుంచి తాయారు, ఆవిడ మొగుడు కనకయ్య బతికింది ఆ ఆట తడిపిన పది సెంట్ల నారుమడి మీదే. జగ్గయ్యపేట చుట్టుపక్కల రైతులు నారు వాళ్ళ దగ్గరే కొనేవాళ్ళు.

రెండువేల నాలుగులో బజార్లో టీవీల కొట్టు లక్ష్మీకాంత్ కొత్త వీడియోగేమ్ మిషన్లు తెప్పించాడు. అదే ఆటని మళ్ళీ కొత్తగా చేసి వదిలారని, పాత టీవీ, పాత మిషన్ తెచ్చిస్తే మార్చి ఇస్తానని చెప్పాడు. పాతది ఎనిమిది బిట్లు, ఇది నూట ఇరవై ఎనిమిది అన్నాడు. బిట్లంటే ఏంటో ఆయనకీ తెలీదు. కనకయ్యకి లెక్క మాత్రం వచ్చు. పదహారు రెట్లు! ఆటకి ముప్ఫై రెండు బిందెలు! మిషన్ ఇంటికి రాకముందే పెద్ద తొట్టి కట్టించాడు. పక్కన రెండెకరాలు కౌలుకి తీసుకుని మిరప నాటించేశాడు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

తాయారుకి మనసొప్పలేదు.

"పాతది ఉండనిద్దామయ్యా. పాలిచ్చే గేదెని ఎవరన్నా తోలేసుకుంటారా?" అంది.

పాతది ఇవ్వకపోతే కొత్తది రాదు, నీకు లెక్కలు తెలీవు, ఊరుకోమన్నాడు కనకయ్య. పాత టీవీ, పాత మిషన్ కొట్టుకి వెళ్ళిపోయాయి.

మిషన్ వచ్చిన రోజు వీధి వీధంతా దిగింది. అబద్ధమెందుకు చెప్పాలి, ఆట బ్రహ్మాండంగా ఉంది. పిల్ల జుట్టు గాలికి ఎగురుతోంది. పెంకుల మీద నాచు కూడా కనిపిస్తోంది. దారులవే, గెంతులవే. కాకపోతే పాతదాంట్లో మీట నొక్కాక పిల్ల కాస్త ఆలోచించుకుని గెంతేది. ఇది నొక్కీ నొక్కకముందే గెంతేస్తోంది. ఎనిమిదేళ్ళ అలవాటున్న తాయారు బొటనవేలు పిల్లని మూడుసార్లు కింద పడేసింది. నాలుగోసారి మూడో స్టేజీ చేరింది.

అంత చక్కటి వానని మా మెట్టప్రాంతంలో ఎవరూ చూసుండరు. గుండ్రటి చినుకులు, ఒక్కోదాంట్లో ఒక్కో వీధిదీపం. కప్పలు కూడా అరిచాయి. జనం బిందెలు చంకన పెట్టుకుని నోళ్ళు తెరుచుకుని చూశారు. వసారాలో ఒక్క చుక్క పడలేదు.

ఆరోగ్యమ్మ వెళ్ళి అద్దం మీద చెయ్యేసి, తీసి, చీరకి తుడుచుకోబోయి ఆగింది. చెయ్యి పొడిగానే ఉంది.

"పాతదానికి అంత వానని లోపల పట్టుకునే స్తోమత లేదు, కారిపోయేది," అంది తాయారు. "ఇది దేన్నీ వదలదు."

కనకయ్య ఒప్పుకుంటేగా. నీకు ఆడటం రావట్లేదన్నాడు. ఆఖరి స్టేజీలోనన్నా వాన బయట పడుతుందేమోనని పదిహేను రోజులు ఆవిడ చేత ఆడించాడు. ఆ పదిహేను రోజుల్లో రెండెకరాల మొక్కలూ తలలు వాల్చి ఎండిపోయాయి. నారుమడీ పోయింది. పదహారో రోజు పొద్దున్నే తాయారు ఒక్కతే నందిగామ బస్సెక్కింది. పాతవన్నీ అక్కడ స్తెఫను అనే ఆయన పాత సామాన్ల కొట్టుకి పంపేశానని లక్ష్మీకాంత్ ముందే చెప్పాడు.

ఆ టీవీ గురించి అడగ్గానే స్తెఫను గుర్తుపట్టాడు.

"ఆ టీవీ ఎలా మర్చిపోతానమ్మా? రాగితీగ కోసం పగలగొట్టాం. ఇంక చూస్కో, నీళ్ళు ఆగితేనా! నేనూ మా ఆవిడా రెండ్రోజులు మురిక్కాలవలోకి తోడి పోశాం."

చినుకులు పలకలుగా ఉన్నాయా అని తాయారు అడిగింది. ఉన్నాయన్నాడు.

కొట్టు వెనక ఆ మురిక్కాలవ గట్టున తోటకూర మోకాలెత్తు పెరిగి ఉంది. కోసుకోనా అనడిగితే, మేం తినం, మొత్తం పట్టుకుపొమ్మన్నాడు. ఆవిడ కొంగు నిండా కోసుకుని బస్సెక్కింది.

సాయంత్రం నాలుగుసార్లు కడిగి పప్పులో వేసి వండింది. కనకయ్య ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. పంటికింద పప్పు బద్దలు కరకరలాడాయి. పప్పు ఉడకలేదేంటని కసరబోయాడు. అంతలోనే అది ఏ నీళ్ళు తాగి పెరిగిన కూరో తెలిసిపోయింది. తల ఎత్తకుండా కంచంలోది మొత్తం నమిలి తిన్నాడు.

మర్నాడు కౌలు చేను వదిలేస్తున్నానని చెప్పొచ్చాడు. ఆ పొద్దుటి నుంచే మొగుడూ పెళ్ళాలిద్దరూ సున్నపురాయి క్వారీకి కూలికెళ్తున్నారు.