పిళ్ళప్పకు పిచ్చి కుదిరిన వైనం

అది 1958. కన్నడ సీమలో గూళూరు దగ్గరి ఒక తెలుగు పల్లెలో పటేలు వెంకటరామప్ప కాలువకు అడ్డం కట్టి, పిళ్ళప్ప మడికి పోవలసిన నీళ్లు తన చెరకుతోటకు తిప్పుకున్నాడు. పిళ్ళప్ప పోయి అడిగాడు. పటేలు నవ్వాడు. పిళ్ళప్ప చేతిలో పార ఉంది. పటేలు చెయ్యి విరిగింది.

నీళ్లు తిప్పుకున్నది పటేలు కనుక అది నేరం కాలేదు. చెయ్యి విరగ్గొట్టినందుకు పిళ్ళప్పను కోర్టుకెక్కించారు.

పిళ్ళప్ప తరఫున నిలబడిన చింతామణి ఊరి వకీలు శంకరనారాయణగారు మహా తెలివైనవారు. ఆయన చేతిలో పడిన కేసు అంత తొందరగా తేలేది కాదు. "పిచ్చిలో కొట్టినానని చెప్పప్పా. శిక్షే ఉండదు" అన్నారు.

"నాకు పిచ్చి యాడుండాది సామీ? తెలిసే కొట్టినా. మళ్లీ నీళ్లు తిప్పితే మళ్లీ కొడతా."

వకీలుగారు తల పట్టుకున్నారు. అయినా అర్జీ పెట్టేశారు. కోర్టు పిళ్ళప్పను పట్నంలోని పిచ్చాసుపత్రి డాక్టరు దగ్గరికి పరీక్షకు పంపింది. డాక్టరు కన్నడంలో అడిగాడు, పిళ్ళప్ప తెలుగులో చెప్పాడు. ఇద్దరికీ రెండూ వచ్చు కాబట్టి తప్పు భాషలది కాదు.

"చెవిలో ఎవరైనా మాట్లాడినట్టు ఉంటుందా?"

"వకీలు సామి మాట్లాడతాండారు. వద్దన్నా ఇడిసిపెట్టరు."

"పటేలు నీకు కీడు చేస్తున్నాడని అనుమానమా?"

"అనుమానమేంది? నీళ్లు తిప్పినాడు గదా."

"ఊళ్లో ఇంకెవరూ ఆ మాట అనడం లేదే?"

"వాళ్లకు భయం."

"నీకు?"

"నాకేం భయం?"

ఊరంతటికీ కనపడనిది ఇతనికి కనపడుతోంది, భయం లేదు, తప్పించుకునే దారి చూపినా వద్దంటున్నాడు. డాక్టరుకు ఇంకేం రుజువు కావాలి? పిచ్చి ఖాయమని తేల్చేశాడు. జైలైతే ఏడాదిలో వదిలేవారు. పిచ్చి కనుక, నయమయ్యేదాకా ఆసుపత్రిలోనే ఉంచమన్నారు. కేసు గెలిచినందుకు వకీలుగారు అందరికీ కాఫీ ఇప్పించారు.

మురుగమల్ల దర్గాకు తీసుకుపోతే దయ్యం వదులుతుందని బంధువులు పిళ్ళప్ప భార్య అక్కయమ్మకు చెప్పారు. "దయ్యం పట్టింది పటేలుకు. ఆయప్పను తీసుకుపొండి" అందామె.

మూడేళ్లు బస్సుల్లో ఆసుపత్రికి తిరిగాక ఆమెకు సంగతి బోధపడింది.

"నువ్వు నిజం చెప్పినన్నాళ్లూ వీళ్లు వదలరు. ఈ తూరి అడిగితే, పటేలు దేవుడు, నీళ్లు ఆయనవే అని చెప్పు."

"అబద్దం చెప్పమంటావా?"

"చేను బీడు పడిండాది. చెప్పు."

డాక్టరు మళ్లీ అడిగినప్పుడు పిళ్ళప్ప తల వంచుకుని అలాగే చెప్పాడు. డాక్టరు ముఖం వెలిగిపోయింది. "బుద్ధి వచ్చింది!" అన్నాడు.

పిళ్ళప్ప ఇంటికి వచ్చిన వారంలోనే పటేలు తనంతట తానే అడ్డుకట్ట తీయించాడు. కొట్టినా శిక్షపడని మనిషితో తగవు ఎవరికి కావాలి? మడికి నీళ్లు పారాయి. కానీ పిళ్ళప్ప రచ్చబండ దగ్గర ఏమన్నా, "ఔనప్పా, ఔను" అని జనం పిచ్చివాణ్ణి చూసినట్టు జాలిగా నవ్వేవారు. కొన్నాళ్లకు అతడు ఊళ్లో మాట్లాడటమే మానేశాడు.

"నాకు చెప్పు, నేను వింటా" అంది అక్కయమ్మ, కలుపు తీస్తూ. పొద్దు వాలేదాకా ఆపకుండా చెప్పాడు.