టైల్స్ దొంతర మీద నిలబెట్టిన కారు

టైల్స్ వ్యాపారంలో జుట్టు నెరిసినవాడికి పలక పగిలే చప్పుడు ఇంకొకరు చెప్పనక్కర్లేదు. చేయి జారి పగిలితే ఒక మోత, బరువుకు తాళలేక పగిలితే ఇంకో మోత. రెండోది చాలా చిన్నది. ఎవరో పక్కన కూర్చుని గోరు కొరికినట్టుంటుంది. కారు కింద వెల్లకిలా పడుకున్న షావుకారుకు వినిపించింది ఆ రెండోదే.

చేతిలో స్పానరు ఉన్నచోటే ఆగిపోయింది.

ఊరంతా ఆయన్ని షావుకారనే పిలిచేది. బేరంలో ఎవరికీ లొంగడని పేరు. అలాంటివాడు ఒకరి కోళ్ళపాకలో తుప్పు పట్టి పడివున్న పాత జపాన్ స్పోర్ట్స్ కారుకు లొంగిపోయాడు. రెండే తలుపులు, పొడుగు ముక్కు, సన్నటి నడుము. ముందు లైట్లు బానెట్‌లోపల దాక్కుని ఉంటాయి, మీట నొక్కితే కప్పకళ్ళలా పైకి లేస్తాయి. ఇంటి పక్క షెడ్డులో పెట్టుకుని తుప్పు గీకాడు, కుళ్ళిన రేకు కోసి కొత్తది అతికించాడు. పాత ఇంజను నీరసంగా ఉందని, అదే కంపెనీ తర్వాత చేసిన బండిలోంచి బలమైన ఇంజను తెచ్చి ఎక్కించాడు. ఇంజను మారితే గేరుబాక్సు మారింది. గేరుబాక్సు మారితే వెనక చక్రాలకు పోయే షాఫ్టు పొడవు చాల్లేదు. కొత్త షాఫ్టు చేయించి, దాని బోల్టులు బిగించడానికి ఇవాళ కిందికి దూరాడు.

ఇంత చేసినవాడు, కారును ఎత్తి నిలబెట్టే ఇనప స్టాండ్లు మాత్రం ఒక్క జతే కొన్నాడు. అవి ముందు వైపుకు సరిపోయాయి. ఏనుగును కొన్నవాడు అంకుశం దగ్గర బేరమాడినట్టు, వెనకవైపు జతకు చేయి రాలేదు. కొట్లో అమ్ముడుపోని గచ్చు టైల్స్ ఉన్నాయి కదా అనుకున్నాడు. గోడౌనులో టైల్స్ పెట్టెలు తలెత్తు దొంతరలుగా ఏళ్ళ తరబడి నిలబడి ఉండటం చూసినవాడే. వాటి అడుగున ఉన్న పలక అంత బరువు మోస్తుంటే, నాలుగు రేకుల కారు ఒక లెక్కా?

లెక్క బాగానే ఉంది, తప్పు ఇంకోచోట ఉంది. గోడౌనులో బరువు పలకంతా పరుచుకుని కూర్చుంటుంది. ఇక్కడ కారు అడుగున పొడుచుకొచ్చిన ఇనప అంచు, కత్తి వెన్నంత మందం, దొంతర నెత్తిన ఒక్క గీతగా దిగింది. మధ్యన ఉన్నది మడిచిన గోనెసంచి. బీరువా కాళ్ళ కింద చెక్క వేసుకోండి, లేకపోతే పలక చిట్లుతుందని కొన్నవాళ్ళకల్లా చెప్పి పంపేది ఈయనే. శకునం చెప్పే బల్లి కుడితిలో పడటమంటే ఇదే.

రెండో పలక చిట్లింది. ఎడమవైపు వెనక భాగం మెత్తగా, తొందర లేకుండా కిందికి దిగి ఆగింది. దాంతోపాటు పొగగొట్టం దిగి ఆయన రొమ్ము మీద ఆనింది.

నలిపెయ్యలేదు. ఊరికే ఆనింది. అయితే ఊపిరి సగం వరకే లోపలికి వెళ్తోంది. ఆయన పడుకున్నది చిన్న చక్రాలున్న చెక్క మీద. మామూలుగా మడమతో ఒక్క తన్ను తంతే జారి బయటికొస్తుంది. ఇప్పుడు మడమతో తన్నాడు. చెక్క కదల్లేదు, పైన ఇనుము మూలిగింది. మళ్ళీ తన్నే ధైర్యం లేకపోయింది.

భయపడ్డవాడికి దేవుడు గుర్తొస్తాడంటారు. షావుకారుకు తన సరుకు గుర్తొచ్చింది. ఆ రకం పలకలు ఎందుకు అమ్ముడుపోలేదో గుర్తొచ్చింది. బట్టీలో సరిగా కాలలేదని, అంచులు పెళుసని ఆయనే పక్కన పెట్టించాడు. పనికిరాని సరుకును ఎవరికో అంటగట్టడం ఆయనకు తెలిసిన విద్యే. చివరికి తనకే అంటగట్టుకున్నాడు. చల్లటి చెమట చెవుల్లోకి కారింది.

అప్పుడు అడుగుల చప్పుడు వినిపించింది.

భార్య. కొట్లో బిల్లుల బల్ల దగ్గర కూర్చునేది ఆమే. కారును ఆమె సవతి అనేది. సవతికి స్నానమైందా, సవతి ఇవాళైనా దగ్గిందా అని ఎకసెక్కం. అయినా కొట్టు సెలవైన రోజున టీ గ్లాసుతో వచ్చి సవతి ఒళ్ళోనే కూర్చునేది. లైట్ల మీట నొక్కి, కప్పకళ్ళు లేపి దించి, గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఆడుకుని వెళ్ళేది. ఒంటరిగా ఉన్నప్పుడు కారు కిందికి వెళ్ళనని ఆయన చేత మాట తీసుకున్నదీ ఆమే. అందుకే ఇవాళ ఆమెతో, నట్లు కొనడానికి బజారుకు పోతున్నానని చెప్పి షెడ్డులో దూరాడు. కాళ్ళు వెనక గోడ వైపు ఉన్నాయి. ముందునుంచి వచ్చేవాళ్ళకు కనపడవు.

ఆమె నీలం చెప్పులు కారు పక్కగా వస్తున్నాయి. ఆమె తలుపు తీసి కూర్చుంటే చాలు. కూర్చోవటం కూడా అక్కర్లేదు, ఆ తలుపు పాతది, గట్టిగా గుంజితేనే తెరుచుకుంటుంది.

ఉన్న సగం ఊపిరితో అరిచాడు. సరిగ్గా అప్పుడే మూలనున్న గాలి కంప్రెసరు దడదడమని మొదలైంది. పొద్దున చక్రాలకు గాలి కొట్టి దాన్ని ఆపడం మరిచిపోయాడు. తొట్టిలో గాలి తగ్గితే అది తనంతట తనే మొదలవుతుంది. ఆ మోతలో అరుపు ఆయనకే వినపడలేదు.

నీలం చెప్పులు తలుపు దగ్గర ఆగి, కారు వైపు తిరిగాయి.

కదిలేది కుడి మోచెయ్యి ఒక్కటే. స్పానరును నేల మీదుగా విసిరాడు. అది గచ్చు మీద జారి వెళ్ళి ఆమె చీలమండకు తగిలింది. టీ గ్లాసు పడి బద్దలైంది. ఒక క్షణానికి ఆమె మొహం నేల దగ్గర, తలకిందులుగా కనిపించింది.

ఆయన పెదాలను చూసింది. దొంతరను చూసింది. ఆ టైల్స్ రకమేదో ఆమెకు ఇంకొకరు చెప్పాలా? లేచి ముందు కంప్రెసరు ఆపింది.

"ముట్టుకోకు" అన్నాడు షావుకారు. "మీ తమ్ముణ్ణి పిలువు."

"మా తమ్ముడు వచ్చేదాకా ఇది ఆగుతుందా?"

జవాబుగా మూడో పలక చిట్లింది.

గోడకు ఆనించి, పాత దుప్పట్లో చుట్టి, కొత్త రంగు వేసిన నాలుగు చక్రాలున్నాయి. ఆమె ఒకదాన్ని లాగింది. గీతలు పడతాయని ఆయన నోటిదాకా వచ్చింది. అది అలవాటు. రొమ్ము మీద గొట్టం ఉన్నా అలవాటు ఊరుకోదు. మాట మింగేశాడు. ఆమె చక్రాన్ని పక్కకు పడుకోబెట్టి, కాలితో నెట్టి, కారు అంచు కిందికి తోసింది. దాని మీద రెండోది. పైన వేలు మందం సందు మిగిలింది.

ముందువైపున్న జాకీని నేల మీద ఈడ్చుకొచ్చింది. ఎక్కడ పెట్టాలో ఆయన చెప్పబోయాడు.

"మీరు మాట్లాడకండి. ఊపిరి పీల్చుకోండి. ఈ పని మీరు చేస్తుంటే వందసార్లు చూశాను."

జాకీ కడ్డీని మెల్లగా, ఒక్కో గుప్పెడు ఎత్తున ఆడించింది. కారు మూలిగింది. గొట్టం రొమ్ము నుంచి వేలెడు పైకి లేచింది. ఆమె కారు చుట్టూ పరిగెత్తి వెళ్ళి ఆయన రెండు చీలమండలు పట్టుకుని లాగింది. చెక్క జారింది. ఆయన వెనక బంపరుకు తల కొట్టుకుని, వెలుతురులోకొచ్చాడు.

అప్పుడే దొంతర అప్పడంలా నలిగి పక్కకు కూలింది. జాకీ ఒరిగింది. కారు వేలెడంత కిందికి పడి చక్రాల మీద కూర్చుంది. ఇనప అంచు కొత్త రంగులోకి దిగి కరకరమంది. చక్రాలు కదల్లేదు.

చాలాసేపు ఇద్దరూ నేల మీదే ఉండిపోయారు. ఆయన పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి, ఎంత బిగబట్టినా ఆగలేదు. ఆమె చీలమండ వాచింది. నట్లు దొరికాయా బజార్లో అని అడిగింది.

మర్నాడు కొట్లో ఎవరో కొనేవాడు గట్టిదనం చూడ్డానికి పలక మీద గోటితో కొట్టాడు. షావుకారు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఏమైందండీ అని అతను కంగారుపడ్డాడు. ఏమీ లేదన్నాడు గానీ మళ్ళీ కూర్చోలేదు.

సాయంత్రం ఇనప స్టాండ్ల జత ఒకటి తెచ్చాడు, బేరమాడకుండా. షెడ్డుకు వెళ్తే జాకీ ఉంది, దాని కడ్డీ లేదు. వంటింట్లో గరిటెల పక్కన తగిలించి ఉంది. అడగక తప్పలేదు. ఆమె చేతులు తుడుచుకుని, కడ్డీ ఒక చేత్తో, ముక్కాలిపీట ఇంకో చేత్తో పట్టుకుని ఆయన వెంట నడిచింది.

స్టాండ్లు పెట్టారు. గీతలు పడ్డ చక్రాలను కూడా కిందనే ఉంచారు. ఆయన చెక్క మీద పడుకుని, కారు అంచుదాకా జారి, అక్కడ ఆగిపోయాడు. లోపల చీకటిగా ఉంది.

"ఇవాళ వద్దులే" అన్నాడు.

ఆమె పీట మీంచి లేవలేదు, కడ్డీ ఒళ్ళో పెట్టుకుని కూర్చునే ఉంది.