విప్పిన క్యూబు

కుక్కర్ మూడో విజిల్ వేసేలోపు క్యూబు పూర్తి చెయ్యడం నా అలవాటు. పడుకోబోయే ముందు దాన్ని రంగులన్నీ చెదిరిపోయేలా తిప్పేసి పప్పుల డబ్బాల పక్కన పెడతాను. పొద్దున్నే కుక్కర్ పొయ్యి మీదకి ఎక్కించి, చేతులు కొంగుకి తుడుచుకుని మొదలుపెడతాను. ఆ కాసేపు నేను ఎవరి కాఫీకీ, ఎవరి బనియనుకీ జవాబుదారీని కాను. రోజు మొత్తం మీద నాకని మిగిలేది అదొక్కటే.

ఆ సోమవారం మూడో విజిల్ వేసింది, ఆరోదీ వేసింది. క్యూబు మాత్రం కుదరలేదు. మిగతా రంగులన్నీ చక్కగా వచ్చాయి. ఒకే ఒక్క మూల ముక్క తన చోట్లోనే ఉండి పక్కకి తిరిగిపోయి ఉంది. మళ్ళీ కలిపి నాలుగుసార్లు చేశాను. నాలుగుసార్లూ అక్కడే ఆగింది. పప్పు అడుగంటింది.

ఈ ఆట తెలిసినవాళ్ళకి ఇది చూస్తే గుండె జారుతుంది. ఎన్ని వేలసార్లు తిప్పినా మూల ముక్క ఒక్కటే ఒంటరిగా అలా తిరగదు. ఎవరో క్యూబుని ముక్కలుగా ఊడదీసి మళ్ళీ పెట్టి ఉండాలి. రంగులు చెదిరిపోయి ఉన్నదే కదా, ఏ ముక్క ఎలా పెడితే ఏంలే అనుకునేవాళ్ళు చేసే పొరపాటు అది. చెదిరిపోయినదానికీ ఒక వరస ఉంటుందని వాళ్ళకి తెలియదు.

ఇంట్లో ఉండేది ఇద్దరమే, నేనూ మా ఆయన రామభద్రరావూ. ఆయనకి యానాం నుంచి ట్రాన్స్‌ఫర్ అయి పుదుచ్చేరి వచ్చి మూడేళ్ళయింది. ఈ ఉప్పళం పేటలో కొత్తలో ఊసుపోక ఒక బొమ్మల కొట్లో క్యూబు కొన్నాను. ఇప్పుడు అలమరలో పదకొండు ఉన్నాయి, పిరమిడ్డు లాంటిదొకటి, పన్నెండు ముఖాలదొకటి. "మీ ఆవిడ ఇంకా బొమ్మలాడుకుంటోందా?" అని మా అత్తగారు ఫోన్లో అడుగుతారు. ఆవిడ అడిగేది కొడుకుని, వినిపించేది నాకు.

ఇప్పుడు కుదరనిది అన్నిటికన్నా ఆఖరున వచ్చింది, బెంగళూరు నుంచి ఫణిధర్ పంపాడు. బ్రౌజింగ్ సెంటర్లో కంప్యూటర్ మీద, క్యూబులాడేవాళ్ళ గుంపులో పరిచయం, ముఖం చూడలేదు. నా దగ్గర రెండున్నవి అతనికి పంపుతాను, అతని దగ్గరున్నవి నాకు పంపుతాడు. పార్సిల్లో ఏ పక్క ఎలా తిప్పాలో రాసిన కాగితం కూడా ఉంది, వరసగా ఆర్, యూ, ఎల్ అని అక్షరాలు. మా ఆయన దాన్ని ట్యూబ్‌లైటుకి అడ్డంగా పట్టుకుని చూశారు.

"ఇదేం భాష?"

"ఆర్ అంటే కుడి పక్క తిప్పడం అండీ. యూ అంటే పై వరస."

"ఓహో" అన్నారు. ఆ ఓహోని నేను నమ్మాను.

సోమవారం సాయంత్రం ఎవరో క్యూబు విప్పారని చెబితే, ఆయన పేపర్లోంచి తల ఎత్తకుండానే, "కింద ఆవిడ దగ్గర తాళంచెవి ఉందిగా. తెచ్చేసుకో" అన్నారు.

కింద ఉండేది ఇంటి ఓనరు రంగమ్మాళ్ గారు. తరతరాలుగా ఇక్కడున్న తెలుగువాళ్ళు, దగ్గర్లోని బాహూరులో పొలాలున్నాయి. తెలుగు చదవడం రాదు, మాట్లాడితే సగం అరవం. కుళాయి పదకొండింటికి వస్తుంది, నేను ఇంట్లో లేకపోతే ఆవిడే తాళం తీసి డ్రమ్ములు నింపుతారు. "మీ ఇంటాయన మాదిరి మనిషి యాడా దొరకడు పాపా" అని మెట్ల మీద కనిపించినప్పుడల్లా అంటారు. ఆయనకి ఆ మాట బెల్లం ముక్క. అది వినడానికే చెప్పులు నెమ్మదిగా వేసుకుంటారు.

ఆ రెండు రోజులూ ఆయన మాట నా బుర్రని పురుగులా తొలిచింది. అంతకుముందు ఒకసారి ఆవిడ క్యూబు చేతిలోకి తీసుకుని, "ఏంది పాపా ఇది, లోపల ఏముండాది?" అని అడిగారు. మా ఇంట్లో చింతపండు అయిపోయిందని నాకన్నా ముందే ఆవిడకి తెలిసింది. అనుమానం దూరాక ఆవిడ చేసిన మేళ్ళన్నీ సాక్ష్యాలైపోయాయి.

బుధవారం కిందకి వెళ్ళాను. ఆవిడ అరటిపువ్వు ఒలుస్తున్నారు.

"పిన్నిగారూ, ఆ తాళంచెవి ఇస్తారా? నీళ్ళు ఇక నేనే పట్టుకుంటాను."

"ఏంది పాపా, ఏమైనా పోయిందా?"

"పోలేదు. నా క్యూబు ఎవరో విప్పారు."

ఆవిడ అరటిపువ్వు పక్కన పెట్టారు. చేతులు కడుక్కుని, దేవుడి పటం పక్కన మేకుకున్న తాళంచెవి తెచ్చిచ్చారు. "నేను ముట్టుకోలేదు తాయీ. నీ ఇంటి సావి, నువ్వే పెట్టుకో."

ఆ రోజు నుంచి పదకొండింటికి కుళాయి దగ్గర నేనే కాపలా. బ్రౌజింగ్ సెంటరు బంద్. మెట్ల మీద పలకరింపూ బంద్. "ఇంటిపట్టున మనిషి ఉంటే ఇల్లు ఇల్లులా ఉంటుంది" అన్నారు మా ఆయన, కడుపు నిండినవాడిలా.

తరవాతి వారం ఫణిధర్ పార్సిలొచ్చిందని పోస్టాఫీసు నుంచి చీటీ వచ్చింది. ఆయన సాంబారు కలుపుకుంటూ ఆ చీటీ చూశారు.

"మళ్ళీనా? ఏముంటుందే వాటిలో? ఆరు మూతలు, మూత కిందో స్క్రూ, స్ప్రింగూ. దానికింత పిచ్చా?"

గరిటె నా చేతిలోనే ఆగింది. ఒక్కో పక్క నడిమి ముక్క మీద ఆ మూతలు అంటించినట్టు బిగిసి ఉంటాయి. వాటిని మూతలని కూడా బయటివాళ్ళు అనుకోరు. నేనే ఆ క్యూబుని ఇంతవరకూ విప్పలేదు. ఈయన ఆరు మూతలూ పీకి, లోపల ఫణిధర్ ఉత్తరమేదైనా దాచి పంపాడేమోనని వెతికారు. దొరక్కపోయేసరికి తోచినట్టు బిగించి, తప్పుని కింద ఆవిడ మీదకి నెట్టారు.

ఆయన నన్ను అనుమానించినందుకు కోపం వచ్చింది. సిగ్గు మాత్రం నా మీదే వేసింది. ఆయన ఒక ఆడమనిషి పేరు అందించగానే, పెళ్ళిలో తాంబూలం అందుకున్నట్టు అందుకున్నాను.

మర్నాడు ఆయన ఆఫీసుకి వెళ్ళగానే క్యూబూ తాళంచెవీ పట్టుకుని కిందకి దిగాను. పిన్నిగారికి మొత్తం చెప్పాను, నా తప్పుతో సహా. ఆవిడ తిరిగిపోయిన మూలని వేలితో తడిమారు.

"మా ఇంటాయన నా ట్రంకుపెట్టి తీసి తీసి చూసేవాడు. ముప్పై ఏండ్లు. ఏముండాది, చీరలే" అన్నారు. తాళంచెవి మేకుకి తగిలించారు. "నీళ్ళు నేను పడతాను. నువ్వు పొయ్యి నీ పార్సిలు తెచ్చుకో, పో."

తెచ్చుకున్నాను. సాయంత్రం ఆయన వచ్చేసరికి టీవీ ముందు బల్ల మీద పాత క్యూబు పెట్టాను.

"ఇంకా సరి కాలేదా ఇది?"

"తిప్పితే కాదండీ. విప్పినవాళ్ళే మళ్ళీ విప్పి సరిగ్గా పెట్టాలి."

ఆయన చెయ్యి చాచబోయి వెనక్కి తీసుకున్నారు. "నాకేం తెలుసు? కింద ఆవిణ్ణి అడుగు."

"అడిగాను. తాళంచెవి కూడా తిరిగి ఇచ్చేశాను" అన్నాను, కాఫీ గ్లాసు ఆయన ముందు పెడుతూ. "ఎవరు విప్పారో కూడా చెప్పాను."