వెనక హుక్కులు

ఊరంతా ఆమెను టైలరమ్మ అంటారు. పెద్ద వయసేం కాదు, మొన్ననే ముప్పై దాటింది. ఉయ్యాల్లో ఉండగానే మేనత్త వచ్చి, "ఇది నా కోడలు, ఇంకెవరూ కన్నెయ్యకండి" అని ఖాయం చేసిపోయింది. అంతే, ఎవరు సంబంధం తెచ్చినా, "మా పిల్లకి బావ ఉన్నాడండీ" అంటూ తండ్రి గుమ్మంలోంచే పంపేసేవాడు. ఆ బావని మాత్రం ఎవరూ అడిగిన పాపాన పోలేదు. పెద్దవాళ్ళ తెలివి అలా ఏడిసింది!

తండ్రి పోయాడు. ఇప్పుడు బావ తనతో పనిచేసే అమ్మాయిని చేసుకుంటున్నాడు. ఆ కబురు మేనత్తే మోసుకొచ్చింది, చేతిలో పెళ్ళికూతురి జాకెట్టుకని తెచ్చిన ఎర్ర పట్టుగుడ్డతో.

"దగ్గరి రక్తం వద్దంటున్నారే డాక్టర్లు. ఈ రోజుల్లో మేనరికాలు ఎవరు చేసుకుంటున్నారు చెప్పు?" అంది నేల చూస్తూ.

అబద్ధమేం కాదు. అత్తదీ మేనరికమే, మొదటి ఇద్దరు బిడ్డలూ దక్కలేదు. అందుకే కోప్పడడానికి కూడా వీల్లేకపోయింది. కానీ ఆ మాట పదేళ్ళ కిందట చెప్పొచ్చు కదా అనుకుంటూనే టైలరమ్మ గుడ్డ అందుకుంది.

"కొలతలేవి అత్తా?"

"ఆ పిల్లకి తీరిక లేదట. నీ కొలతలకే కుట్టెయ్యవే. ఇద్దరూ ఒకే ఒడ్డూ పొడుగూ అట, వాడే చెప్పాడు. హుక్కులు మాత్రం వెనక పెట్టు."

బావ తనను ఆ మాత్రం చూశాడన్నమాట. ఆ సంగతి తెలియకపోయినా బాగుండేది.

జాకెట్టు కుట్టడం అయ్యాక, ఎలా కుదిరిందో చూద్దామని తలుపేసి తొడుక్కుంది. చేతులు వెనక్కి పోనిచ్చి ఎంత మెలితిప్పినా ఒక్క హుక్కూ పడలేదు. తనవన్నీ ముందు హుక్కులే. ఒంటరి మనిషికి వెనక ఎవరు పెడతారు? ఎందరు పెళ్ళికూతుళ్ళకు తన చేత్తో పెట్టిందో! అద్దం ముందు నిలబడితే దుఃఖం ముంచుకొచ్చింది.

"ఏమే, అయిందా?" జాకెట్టు కోసం వచ్చిన అత్త గొంతు బయట.

పైట కప్పుకుని తలుపు తీసింది. అద్దం వైపు తిరిగి నిలబడింది. అత్తకు అర్థమైంది. కింద నుంచి ఒక్కో హుక్కూ పెట్టుకుంటూ వచ్చి, చివరిదాని దగ్గర అద్దంలోకి చూసింది.

"సరిపోయిందా అత్తా?"

"అచ్చు నీకోసం కుట్టుకున్నట్టే ఉందే," అనేసి అత్త నాలుక్కరుచుకుంది.



"ఇక విప్పెయ్యి అత్తా," అంది టైలరమ్మ. "నాకు అందవు."