వెలివడిన వలువలు

అది శిశిరము. ప్రాలేయపటలమును సముద్రముపైనుండి పొరపొరగా నొలుచుచు తూర్పుకడలి దరిని తల యెత్తిన బాలభాస్కరుడు నెలపాడు రేవును జూచి తాను త్రోవ తప్పి వేఱొక యూర నుదయించితినా యని నిమేషమాత్రము శంకించెను. ఏలయన నేటేట మాఘమాసపు వేకువల నా యేటియొడ్డున క్రోశపర్యంతము వ్యాపించిన సైకతస్థలమున అద్దకపువారు పఱచిన ధవళారుణనీలవస్త్రపరంపరలు వికసితకమలవనమువలె నాతనికి స్వాగతము పలుకుట వాడుక. ఈ యేడు ఇసుక యిసుకగానే యుండెను. వస్త్రము లేని యొడ్డు వస్త్రము లేని మనుష్యునివలె సిగ్గుపడి పొగమంచును మీదికి లాగికొనుచుండెను. రెండు కొంగలు మాత్ర మచ్చట నిలిచి తెల్లబట్ట లారవేసిన భ్రాంతిని గలిగించి యంతలోనే యెగిరిపోయి యా భ్రాంతిని సైత ముతికి పాఱవైచెను.

ఈ దిగంబరత్వమునకు హేతువు సముద్రమున కావలియొడ్డున నుండెను. నెలపాటి యద్దకపుబట్టకు నెలపాడు పుట్టినిల్లును కర్పూరద్వీపము మెట్టినిల్లును. ఆ ద్వీపమందలి మునిమఠములలో ధర్మగ్రంథము లన్నియు నెలపాటి వలువలలోనే చుట్టబడి పీఠముల నధిష్ఠించి యుండెడివి. అందులకు ప్రతిగా నా ద్వీపవాసులు తమ యడవుల కర్పూరము నోడల కెత్తి పంపగా నది యిచ్చటి దేవాలయములలో హారతియై వెలుగుచుండెడిది. ఇట్లు నూఱేండ్లుగా నా యుభయజనులును ఒకరి దేవుని నొకరు చూడకయే యొకరి దేవునికి నొకరు పరిచర్య చేసికొనుచు సుఖముగా నుండిరి. సుఖముగా నున్నవారిని జూచి యూరకుండుటకు లోకమునకు సెలవు లేదు గదా!

వేఱొక దేశపు వర్తకు డొక్కడు పట్టుబట్టలు పట్టుకొని యా ద్వీపమునకు బోయి పట్టు వదలక తిరిగినను జానెడు గుడ్డయు నమ్ముకొనలేక యొకనాడు మఠద్వారమున నిలిచి యెలుగెత్తి యిట్లనెను.

“మునులారా! మీ ధర్మగ్రంథము దేనిలో నిద్రించుచున్నదో యెఱుగుదురా? పశువుల పేడలో నానిన గుడ్డలో!”

అతడు బొంకియుండిన బొంకు ఎన్నాళ్లో నిలువక పోయెడిది. చిక్కేమన నాతడు నిజమే చెప్పెను. నూలుబట్ట పచ్చిదనము వదలి తెల్లబడుటకై దానిని పేడనీట నానవేసి యేట నుతికి యెండకు పఱచుట నెలపాటివారి తాతల నాటి పనితనము. మన ముంగిట కళ్లాపియై మంగళకరమైన పేడ యా ద్వీపమున నొక్క చితికి మాత్రమే పూయుదురు. ఒక యొడ్డున లక్ష్మి యైనది వేఱొక యొడ్డున శ్మశానద్రవ్య మయ్యెను. మూడునాళ్లలో మఠములయందలి గ్రంథములు బట్ట లూడి బయటబడెను. నెలపాటి వలువ తాకినవానికి నీరు పోయరాదని ద్వీపవాసులు వీథివీథిని శపథము చేసిరి.

నెలపా డేలు చక్రవర్తి యూరకుండునా? తిరస్కారమునకు బహిష్కారము ప్రతినమస్కార మని తలచి కర్పూరద్వీపపు కర్పూరము తన సీమలో దిగరాదని శాసించెను. అంతవఱకు నా కర్పూరమునందు దోషము గానని పండితులు శాసనము వెలువడిన మఱునాటికే ముప్పదిమూడు దోషములు కనిపెట్టిరి. ఆలయములలో కర్పూరహారతి పోయి వట్టి చేతులు త్రిప్పు కరహారతి మిగిలెను. నౌకాధ్యక్షుడు యుద్ధపునావలకు నీరు చొరకుండ కీలు పూయించుచుండెను. నెలపాట మాత్రము నౌకలు రాక నూకలు కఱవయ్యెను.

ఆ యద్దకపు వాడకు పెద్ద వీరలక్కమ్మ. ఆమె యఱువదేండ్ల ముత్తవ. మోచేతులదాక నెక్కిన యెఱుపు ఆమెకు పుట్టుకతో వచ్చినదని చిన్నవారు నమ్ముదురు. ఆ పనియందొక విశేషము గలదు. ఒక యింటివారు బట్ట నానవేయుదురు. ఒక యింటివారు కలమున గీయుదురు. ఒక యింటివారు చిరువేరుతో నుడికించి యెఱుపు తేల్తురు. ఒక యిల్లు లేచిపోయిన తక్కిన యిండ్లకు చేతులుండియు పని లేదు. నలువది యిండ్లలో పండ్రెండప్పటికే పొలము పనులకు మెట్టసీమ కెగబ్రాకెను. ఎఱుపు తేల్చు విద్య యెఱిగి మిగిలిన దొక్క లక్కమ్మ కూతురు పున్నమ్మ యిల్లు. ఆ పున్నమ్మయు మూట గట్టెను.

“అమ్మా, అమాసెల్లగానే బండి మాట్లాడాం. నువ్వూ రా.”

“నేనొత్తే ఈ బానలెవరు సూత్తారే?”

“బానల్లో ఏముందని సూడ్డానికి? మొన్న మా ఆయన తొంగి సూసి, తన మొకమే కనపడిందని జడుసుకున్నాడు.”

లక్కమ్మ నవ్వెను. నవ్వి కొంగుతో కన్ను లొత్తుకొనెను. పున్నమ్మ బండి యెక్కిన నాడే నెలపాటి యెఱుపు లోకమునుండి తొలగిపోవు నని యా యిరువురు నెఱుగుదురు.

ఇట్టి యెడ కర్పూరద్వీపమునుండి యొక్క యోడ వచ్చెను. అందు కర్పూరము లేదు. మునులలో పెద్దయగు ధీరసేనుడను వృద్ధస్థవిరుడు మాత్ర ముండెను. నిజానిజములు కన్నులార గని రమ్మని యా దేశపు రాజును మునిసంఘమును నాతనిని రాయబారిగ బంపిరి. ఆతడు తల యూచిన నోడలు నడచును. తల యడ్డముగ త్రిప్పిన యుద్ధపునావలు నడచును. ఇంతటి భారము మోసిన తల మిక్కిలి చిన్నదియు నున్నగా గొఱగబడినదియు నై యుండెను. ఆతడు తెనుగును వ్యాకరణము ముందిడుకొని నేర్చినవాడగుట నాతని పలుకు గంజిపెట్టి యారవేసినట్లు బిఱ్ఱుగా నుండెను.

ఆతని కంటె ముందుగా రాయసము ముద్దరాజు వాడకు వచ్చెను. ఈతడు చక్రవర్తి కొలువున లేఖలు వ్రాయు నధికారి. రాయబార మన రాయి కంటె భారమని యెఱిగి రెండు నెలలుగా నిదుర లేనివాడు. దుష్టుడు కాడు. యుద్ధ మన్న భయపడు సజ్జనుడు. లోకమున కల్లలు చాల వఱకు సజ్జనుల భయమునుండియే పుట్టును.

“లక్కమ్మా! రేపు స్థవిరుడు వచ్చునప్పటికి వాడలో పేడ యన్న మాటయు వాసనయు నుండరాదు. బానలు తోమింపుము. బట్టను వట్టి నీట నుతికి యాతని కన్నులయెదుట బొమ్మ వ్రాసి చూపుము.”

“సిత్తం బాబయ్యా. మరి కరక్కాయలూ గేదెపాలూ?”

“పాలును పశువునుండి వచ్చినవే కదా! అవియు వలదు. రేపు నెలపాట పశుసంబంధమైన దేదియు నుండరాదు.”

“పాలు పట్టించకపోతే గుడ్డ మీద గీత నిలవదు బాబూ. పారిపోద్ది.”

“గీత పాఱిపోయిన పోనిమ్ము. ఆతడు పాఱిపోకుండిన చాలును. పేడ తాకలేదని దీపము ముట్టి ప్రమాణము చేసితివా నీ యిండ్లు నిలుచును. లేదా నీ కూతురి బండి వెంట నింకొక యిరువదియేడు బండ్లు కదలును.”

ఆ సాయంకాలము వాడవారందఱు బానలు తోమిరి. తాతల నాటి మడ్డి వదలి యా బానలు పెండ్లికూతుండ్రవలె మెఱసెను. వాని జూచి యొక్కరును సంతసింపలేదు.

మఱునాటి ప్రాతఃకాలమున ధీరసేనస్థవిరుడు ముద్దరాజుతో గూడ వచ్చి చాపపై నాసీనుడై “తల్లీ! భవదీయ హస్తకౌశలమును సందర్శింప కుతూహలపడుచున్నాడను” అనెను.

“అబ్బో! ఈ సామి మాట మన పురాణం పంతులు మాటకన్నా గట్టిదే” యని పున్నమ్మ తల్లి చెవి గొఱికెను.

లక్కమ్మ వట్టి నీట నుతికిన బట్టను పలకపై బఱచి కలమును కసిమి యను నల్లరంగులో ముంచి యొక హంసను వ్రాసెను. ఆహా యేమి హంస! మెడ వంపు చూచి స్థవిరుడు శిరఃకంపము చేసెను. ముద్దరాజు నిట్టూర్చెను. ఆ నిట్టూర్పు సగములో నుండగనే పాలెఱుగని యా గుడ్డపై నలుపు నలుదిక్కులకు బ్రాకజొచ్చెను. హంస ఱెక్కలు పెరిగి గద్ద యయ్యెను. గద్ద బలిసి గున్నయేనుగయ్యెను. ఏనుగు కరగి మేఘ మయ్యెను. మేఘము పలక యంచు దాటి ముద్దరాజు పట్టుపంచెపై రెండు చుక్కలు వర్షించెను. దశావతారములకు నాలుగు యుగములు పట్టెను గాని లక్కమ్మ హంసకు నాలుగు గుక్కలు పట్టలేదు.

స్థవిరుడు మెల్లగా నడిగెను. “తల్లీ! మా మఠముల గ్రంథములపై హంసలు నూఱేండ్లుగా హంసలుగానే యున్నవి. ఇది యేల మేఘమైనది?”

ముద్దరాజు దీపమువంక జూపెను. లక్కమ్మ దీపము జూచెను. కూతురిని జూచెను. గోడకు చేరవేసిన మూటను జూచెను. తుదకు తాను వ్రాసిన హంస యుండవలసిన చోట నున్న మసిని జూచెను. అఱువదేండ్లలో నామె చేత నట్టి గీత పుట్టి యెఱుగదు. అది చూచుట కల్ల యాడుటకంటెను దుర్భర మయ్యెను.

“సామీ, ఇది మా పని కాదండి. మా పనికి పేడ కావాలి. పాలు కావాలి. గుడ్డని పేడనీళ్లలో నానేసి, ఏట్లో ఇసక తేలేదాకా బాది, ఎండలో పరిచి నీళ్లు జల్లి, మళ్లీ పేడ, మళ్లీ ఏరు. తొమ్మిది నాళ్లు. మీ దేవుడి పుస్తకం మీద గుడ్డ కూడా అంతే. ముద్దరాజుగారు మా కడుపు సూసి దాయమన్నారు. ఆయన తప్పేం లేదు.”

ముద్దరాజు ముఖము చెల్లని కాసువలె నయ్యెను. ఆతని మనోనేత్రమున యుద్ధపునావలన్నియు నొక్కమాఱుగా తెరచాప లెత్తెను. స్థవిరుడు మాత్రము లేవలేదు.

“ఆ తొమ్మిదినాళ్లును చూడగోరెదను” అనెను.

తోమిన బానలు మరల పేడ చూచెను. స్థవిరుడు తొమ్మిదినాళ్లును ఏటియొడ్డుననే కాలము గడపెను. ముక్కు మూసికొని కూర్చుండినవాడు మూడవనాటికి ముక్కు వదలెను. ఆఱవనాటికి తానే చేద పట్టి పఱచిన బట్టపై నీరు చల్లెను. తొమ్మిదవనాటి మధ్యాహ్నమున నా బట్ట శరన్మేఘఖండమువలె నుండెను. ఆతడు దానిని ముఖమున కద్దుకొని వాసన జూచి “ఎండ వాసన” యనెను. అయినను నాతని మొగమున నిశ్చయము పొడమలేదు. దేశమునకు బోయి పేడ తాకలేదని చెప్పజాలడు. తాకినదని చెప్పిన సంఘ మంగీకరింపదు. సత్యము చెప్పినను బట్ట వెలియే. అసత్యము చెప్పిన తాను వెలి.

అప్పుడు లక్కమ్మ కన్ను ఆతడు కట్టిన కాషాయముపై బడెను. బట్ట చూచిన వ్రేళ్లతో తడిమి చూడక యుండలేని జాతి యది. ఆమె దగ్గఱకు వచ్చి యా యుత్తరీయపు టంచును బొటనవ్రేలిక్రింద నలిపి చూచెను.

“ఇదెక్కడి నేత సామీ? ఒక తునక ముతక, ఒక తునక సన్నం. పదిచోట్ల అతుకు. తమరంతటివోరికి నిండు పంచె పెట్టినోరే లేరా?”

స్థవిరుడు చిఱునవ్వుతో “మా నియమ మట్టిది తల్లీ. శ్మశానమున శవములపైనుండి పాఱవైచిన పేలికలను ఏఱి తెచ్చి కుట్టుకొని కట్టుకొందుము” అనెను.

“అయ్యో! చితి కాడివా? ఉతికారా మరి?”

“ఉతికి కాషాయరంగు వైచితిని.”

“ఇంకేం. మేమూ ఉతికే రంగేశాం గదండీ.”

ఆ మాటలో తర్కము లేదు. పరిహాసము లేదు. ఉతుకువారొకరు వేఱొక యుతుకువారితో నాడు మాట యది. ధీరసేనస్థవిరుడు తన యుత్తరీయమును కొంత తడవు చూచెను. ముప్పదియేండ్లుగా కట్టుచున్న బట్టను నాడే క్రొత్తగా చూచిన వానివలె నుండెను. పిదప రెండు చేతులు జోడించి యా యద్దకపు టమ్మకు మ్రొక్కెను. వాడవారు నివ్వెఱపడిరి. లక్కమ్మ కంగారుపడి “లెగండి సామీ, నాకు పాపం తగులుద్ది” యనుచు నెఱ్ఱని చేతు లడ్డము బెట్టెను.

పున్నమ్మ యా సాయంకాలము మూట విప్పి యందలి చిరువేరు తీసి పొయ్యిమీద బాన కెత్తెను.

చితిపేలిక నుతికి కట్టువారము పేడనీట నుతికిన వలువ నెట్లు వెలివేయుదు మని స్థవిరుడు వ్రాసిన లేఖకు మునిసంఘము తల యొగ్గగా సంధి కుదిరెను. కర్పూర మిటు దిగుటకును వలువ లటు పోవుటకును రెండు దేశములును అంగీకరించెను. పండితులు మును కనిపెట్టిన ముప్పదిమూడు దోషములకును ముప్పదినాలుగు పరిహారములు కనిపెట్టి చక్రవర్తికి మిగులు చూపిరి. సంధిపత్రము తామ్రపత్రమున చెక్కబడుచుండగా ముద్దరాజు వలువల నిర్మాణవిధిని వర్ణింపవలసి వచ్చి “పవిత్రగోమయజలసంస్కృతములును నదీప్రవాహపరిశోధితములును” అని యాటంకములేని సమాసమొకటి చెప్పెను.

స్థవిరుడు చేయెత్తి యాపెను. “అట్లు వలదు. ఆ గోమయము మీ శాస్త్రములోనిది. మా వారికి తెలియదు. నాకు లక్కమ్మతల్లి చెప్పినట్లే చెక్కుడు. పేడ యని చెక్కుడు. దాచిన మాట మరల నొక వర్తకునికి దొరకును.”

“అయ్యా! చక్రవర్తి బిరుదుల క్రిందనా?”

“క్రిందనే. దాని క్రింద ఏరు అనియు తొమ్మిదినాళ్లు అనియు చెక్కుడు.”

ముద్దరాజు పంచెపై నింకను వదలని రెండు నల్లని చుక్కలను జూచుకొని యంగీకరించెను. సమస్తభువనాశ్రయ శ్రీపృథ్వీవల్లభాది బిరుదావళికి దిగువ నా చిన్న మాట యట్లే చెక్కబడెను.

పత్రము నోడ కెక్కించు దినమున వాడవారందఱు రేవునకు వచ్చిరి. లక్కమ్మ చదువెఱుగదు. ఆమె ముద్దరాజును సమీపించి కొంగు సవరించుకొని “బాబయ్యా, నేనన్న మాట ఇందులో ఏసారంట గదా. ఎక్కడండీ?” యని యడిగెను.

రెండు నెలల పిదప కంటినిండ నిదుర యెఱిగిన యా రాయసము రాగిరేకును తన యొడిలో నుంచుకొని యామె చూపుడువ్రేలు పట్టి చెక్కడపు గాడిమీద నిలిపెను. నూఱు హంసలను వ్రాసిన యా యెఱ్ఱనివ్రేలు అక్షరముల వంపు వెంట మెల్లగా నడచి తుద ముట్టి యాగెను.

“ఇదేనా?”

“ఇదియే లక్కమ్మా.”

ఆమె వ్రేలు తీయక మరల నొకమాఱు మొదటినుండి తడిమి చూచి తల యెత్తెను.

“ఇంత సిన్నదా బాబూ! దీనికా సంద్రం ఆగిపోయింది?”