కొక్కెం మీది బరువు

పలాసలో జీడిపిక్కల లారీలు తూచే కాటా మీద చక్రాల గది ఆగింది. వ్యాన్ తొట్టెలో బిగించిన కొక్కేనికి ముందు కొస తగిలించిన చిన్న ఇల్లు అది. జ్ఞానప్రకాశం మాస్టారు రిటైరయ్యాక, భార్య దోర్కాస్‌తో తీరం వెంట తిరగాలని కట్టించుకున్నారు. ఆమె పోయి ఏడు నెలలైంది. ఇవాళ దాన్ని ఆమె తమ్ముడు విజయ్ కుమార్ తన పిల్లల కోసం తీసుకుపోతున్నాడు.

"మొత్తం మూడువేల ఏడొందల కిలోలు. బేషుగ్గా ఉంది మేస్టారూ," అంది కాటా గదిలోంచి రోజా.

"వ్యాన్ ఒక్కటీ పదిహేడొందలు. అంటే గది రెండువేలు. ఇప్పుడు వ్యాన్‌ని కాటా దాటించి నిలబెడతాను. గది చక్రాలు మాత్రమే తూచమ్మా."

"పిక్కల లోడుకైనా ఇన్ని తూకాలు నేవండి బాబూ!"

"మా బావ ఫిజిక్సు మేస్టరు. పెల్లి బోజనం కూడా తూసి తిన్నాడు," అన్నాడు విజయ్.

మాస్టారు నవ్వకుండా వ్యాన్‌ని ముందుకి జరిపారు. కిందటేడు ఆయనా దోర్కాసూ బారువ సముద్రానికని బయలుదేరారు. నాలుగు కిలోమీటర్లు పోకముందే దోర్కాస్ ఆయన భుజం పట్టుకుంది.

"ఎనకాల తోకలాగ ఊగతందండి. బయంగా ఉంది, ఇంటికెల్పోదాం."

ఆయన జేబులోంచి కాటా చీటీ తీసి చూపించారు. "బరువు సరిగ్గానే ఉంది. డయాలసిస్ నీరసం నీది. ఊగేది గది కాదు, నువ్వే."

ఆమె మళ్లీ ఆ మాట ఎత్తలేదు. మళ్లీ బండీ ఎక్కలేదు. ఈ ఊళ్లో పిక్కలైనా కొబ్బరికాయలైనా మొత్తం ఎంతన్నదే లెక్క. ఎక్కడెంత పడుతోందని ఎవరూ అడగరు. పాఠాలు చెప్పిన ఆయనా అడగలేదు. ఆమెది భయమా, నిజమా అన్నది తేలకుండా ఆ గదిలో పిల్లల్ని ఎక్కించడానికి ఇప్పుడు మనసొప్పలేదు.

"వెయ్యీ ఎనిమిదొందల నలభై," అంది రోజా.

అంటే రెండువేలల్లో కొక్కెం మీద పడేది నూట అరవై. మూడొందలైనా ఉండాలి. ముందు తేలికైతే వెనక ఊగక మానదు.

విజయ్ వెనక తలుపు తీశాడు. గుమ్మం పక్కనే ఇరవై లీటర్ల నీళ్ల టిన్నులు పదిహేను, సీలు తియ్యకుండా.

"ఇన్ని నీల్లేటి బావా?"

"మీ అక్కకి. దారిలో ఏ ఊరి నీళ్లు తాగాల్సొస్తుందోనని."

"అక్కని రోజుకి మూడు గలాసులే కదేటి తాగమన్నారు!"

మాస్టారు తల ఊపారు. మొయ్యడానికి సులువని కిందటేడు తలుపు వారనే తన చేతులతో పేర్చినవి అవి.

రోజా కొంగు దోపి వచ్చి ఒక టిన్ను చంకనెత్తుకుంది. ముగ్గురూ కలిసి అన్నిటినీ ముందు కొసకి చేర్చారు. మళ్లీ తూస్తే కొక్కెం మీద నాలుగొందల ముప్పై వచ్చింది.

రోడ్డెక్కాక విజయ్ వెనక్కి తొంగిచూశాడు. "ఇసుమంతైనా ఊగట్లేదు బావా!"

"మీ అక్క నిజమే చెప్పిందిరా," అన్నారు మాస్టారు. వ్యాన్ పక్కకి ఆపారు. తాళం విజయ్ చేతిలో పెట్టి, చుట్టూ తిరిగి వెళ్లి, దోర్కాస్ కూర్చున్న సీటులో కూర్చున్నారు. దారంతా అద్దంలోంచి వెనక్కే చూశారు. గది అణుమాత్రమైనా ఊగకుండా వెంట వస్తోంది.